పురుగులు చావలేదు

నాది అనుమానం జబ్బు. డాక్టర్లు దానికి పెద్ద పేరేదో పెట్టారు గాని, పుంగనూరులో మా వీధివాళ్లందరికీ తెలిసిన పేరు ఇదే. అందుకే నేనేం చెప్పినా ఎవరూ చెవిన పెట్టరు. వాన వస్తోందన్నా బయటికి తొంగి చూసి గాని నమ్మరు. ఒళ్లు మండుతుంది నాకు.

రెండువేల మూడులో నా అనుమానమంతా మా ఇంటి వెనక పట్టుపురుగుల షెడ్డు మీద ఉండేది. పురుగులు పెంచేది నా భార్య అక్కమ్మ. పంట మీదున్నప్పుడు కుప్పం నుంచి వాళ్లన్న చెంగయ్య సాయానికి వచ్చేవాడు. ఇద్దరూ లోపల గంటల తరబడి గుసగుసలాడేవాళ్లు. నేను గడప దగ్గరికి వెళితే చాలు, అక్కమ్మ అడ్డంగా నిలబడేది.

“బీడీ తాగినోళ్లు లోపలికి రాకూడదు. ఆ ఘాటుకే పురుగులు సస్తాయి, తెల్దా?”

తెలుసు. మా వైపు పురుగులు పెంచే ప్రతి ఇంట్లోనూ అదే కట్టడి. పొగాకు పట్టిన చెయ్యి ఆకు మీద పడినా పురుగులు కక్కుకుని చస్తాయి. కానీ ఆ బీడీలు నాకిచ్చేది ఎవరు? కుప్పం నుంచి కట్టలు కట్టలు తెచ్చేది చెంగయ్యే. రాత్రి మాత్ర మింగితే అక్కమ్మ బహుమానంగా ఒక బీడీ చేతిలో పెట్టేది. తాగమనేదీ వాళ్లే, తాగావు గనక రావద్దనేదీ వాళ్లే. నన్ను దూరంగా ఉంచడానికే ఈ బీడీలని నాకు రూఢి అయిపోయింది.

మదనపల్లెలో నన్ను చూపించే ఆసుపత్రిలో కృపావతి అనే నర్సు ఉండేది. వెళ్లినప్పుడల్లా బీడీ మానెయ్యమని వెంటపడేది. ఈవిడకేం లాభమని ఆమెనూ అనుమానించాను. ఆమె మాట విని మానలేదు నేను. షెడ్డులో గుట్టు చూడాలని మానాను.

మానడమంటే మాటలా? తల పగిలిపోయేది. కనపడ్డవాళ్ల మీదల్లా అరిచేవాణ్ణి. అది నాకు మామూలే గనక ఎవరికీ తేడా తెలియలేదు. అక్కమ్మ ఇచ్చిన బీడీని పెరట్లో బురదలో తొక్కేసి, సబ్బుతో చేతులు తోముకునేవాణ్ణి. కొన్నాళ్లు అలా గడిపి, ఒక తెల్లవారుజామున వాళ్లు లేవకముందే స్నానం చేసి లోపలికి వెళ్లాను.

ఏమీ లేదు. తట్టల నిండా పురుగులు, సన్న జల్లు పడుతున్నట్టు ఆకు నమిలే చప్పుడు, అంతే. ఖాళీ అయిన తట్టల్లో మల్బరీ ఆకు వేశాను. నా చేత్తో వేసింది అవి తిన్నాయి. నాకెంత సంతోషమైందో చెప్పలేను. రోజూ వెళ్లడం మొదలుపెట్టాను.

అయితే ఆ రోజుల్లోనే నా ఒళ్లు నా మాట వినడం మానేసింది. పగలంతా మత్తు. నోట్లోంచి చొంగ కారేది. నడిస్తే కాళ్లు తడబడేవి. మాత్ర బలం పెరిగిందని నాకు తెలుస్తూనే ఉంది.

“మాత్రల్లో ఏమో కలిపినారు మే. ముందు మాదిరి లేవు” అన్నాను అక్కమ్మతో.

ఆమె ముఖం పాలిపోయింది. పదేళ్ల కిందట అన్నంలో ఏదో కలిపారని నేనన్న తర్వాతే కదా నన్ను కట్టేసి ఆసుపత్రికి తీసుకెళ్లారు! “మళ్లా మొదులైందన్నా” అని చెంగయ్య దగ్గర ఏడ్చింది. మరునాడే నన్ను మదనపల్లె బస్సెక్కించింది.

డాక్టరు ముందు అక్కమ్మ అంతా ఏకరువు పెట్టింది. అనుమానం తిరగబెట్టిందని, అరుస్తున్నానని, మాత్రలో విషమంటున్నానని. డాక్టరు తలాడించి, మాత్ర బలం పెంచి రాస్తానన్నాడు. ఇప్పుడున్నదానికే మనిషిని కాకుండా పోతున్నాను, ఇంకా పెంచితే మంచం మీద మాంసం ముద్దనే.

“నేను బీడీ మానేసినా సార్” అన్నాను.

“అబద్దం సార్! నిన్న రాత్రి గూడా నేనే ఇచ్చినా” అంది అక్కమ్మ.

డాక్టరు ఆమె వైపే చూశాడు. కృపావతి మాత్రం నన్ను చూసింది. “ఇచ్చింది తాగినావా?” అని అడిగింది.

“లేదమ్మా. రోజూ తెల్లారి షెడ్డులోకి పోయి ఆకేస్తాండాను. ఏమ్మే, ఒక్క పురుగన్నా సచ్చిందా? సెప్పు!”

“మాయన్న ఏస్తాండాడనుకుంటి సార్” అంది అక్కమ్మ. “పురుగులు సావలే.” ఆమెకు అంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు.

డాక్టరు రాయడం ఆపాడు. బీడీ పొగ ఈ మాత్రను ఒంట్లో తొందరగా కరిగించి పంపేస్తుందట. పొగ ఆగిపోతే అదే మాత్ర ఎక్కువగా నిలిచి, మోతాదు పెంచినట్టే పనిచేస్తుందట.

“నువ్వన్నది నిజమే నల్లప్పా. మాత్ర నీకు ఎక్కువైంది. తగ్గిస్తాను” అన్నాడు.

“మానమని సెప్పినామే గాని, మానితే మాకు సెప్పాలని సెప్పలే. తప్పు మాదే అప్పా” అంది కృపావతి.

నువ్వన్నది నిజమే అని పదేళ్లలో నాతో ఎవరూ అనలేదు. ఏడుపొచ్చింది. అందరి ముందూ ఏడ్చాను.

తిరుగు బస్సెక్కాం. మదనపల్లె దాటాక అక్కమ్మ నా చెయ్యి పట్టుకుంది.

“ఇంగా ఏమేం సెప్పినావయ్యా నువ్వు, నేను నమ్మకుండా పోయినవి?” అని అడిగింది.

ఆమె భయం చూస్తే జాలేసింది. ఇన్నేళ్లలో నేనన్న మాటలన్నీ వెనక్కి తోడుకుంటోంది. అన్నంలో విషం, గోడల్లో గొంతులు, చెంగయ్య నన్ను చంపించాలని చూడడం. ఈ రోజు నేనేది చెప్పినా నమ్మేస్తుంది. అలాంటి రోజు నాకు మళ్లీ దొరకదు.

“అన్నీ నిజం కాదులే అక్కమ్మా” అన్నాను.