కెజాయా పెద్దమ్మ కూర్చున్న రోజు

1866, ఆకులు రాలే కాలం. మేరీలాండ్ తూర్పు తీరంలో పీతలు బురదలోకి దిగిపోయి, ఆల్చిప్పల పని మొదలైన రోజులు. డోర్కస్ తెల్లవారగానే రేవుకు పోయి పొద్దువాలేదాకా చిప్పలు విప్పేది. ఆ పనిలో చెయ్యి ఆగకూడదు. ఆమె చెయ్యి ఆగేది కాదు గానీ, కళ్ళు మాత్రం మాటిమాటికీ ఉత్తరం వైపు పోయేవి. అక్కడ, రెండు మైళ్ళ అవతల, టాలివర్ దొర పొలంలో ఆమె తొమ్మిదేళ్ళ కూతురు లెట్టీ ఉంది.

బానిసత్వం పోయి అప్పటికి రెండేళ్ళు. చట్టం మారింది గానీ దొర మారలేదు. తల్లికి పిల్లను సాకే శక్తి లేదని జిల్లా కోర్టులో కాగితం రాయించుకుని, పని నేర్పే నెపంతో, పద్దెనిమిదేళ్ళు నిండేదాకా లెట్టీ తన దగ్గరే ఉండాలన్నాడు. డోర్కస్ రెండుసార్లు వెళ్ళింది. మొదటిసారి కుక్కల్ని వదిలారు. రెండోసారి మూడు రోజులు జైల్లో పెట్టారు. ఇప్పుడు పిల్లను దొర సోమవారం పడవలో దక్షిణాదికి, తన తమ్ముడి ఇంటికి పంపేస్తున్నాడని కబురు వచ్చింది.

డోర్కస్ ఉండే ఊళ్ళోనే కెజాయా పెద్దమ్మ ఉండేది. ఇరవై రెండేళ్ళ కిందట ఒంటరిగా పారిపోయి ఉత్తరాదిన స్వేచ్ఛ దక్కించుకుంది. అక్కడ మనసు నిలవక ఆరుసార్లు తిరిగొచ్చి నలభై ముగ్గురిని దాటించింది. అన్నిసార్లు ఉత్తరానికి నడిచిన మనిషి గనక, ఆమె దేనిమీద కూర్చుంటే అది ఉత్తరానికి కదిలేది. కుర్చీ అయితే జానెడు జానెడు జరిగేది. వసారాలో చతికిలబడితే వసారా ఇంటిని లాక్కుంటూ బయల్దేరేది. అందుకని ఎవరింటికి వెళ్ళినా ఆమెకు పీట వేసేవారు కాదు. పళ్ళెం చేతికిచ్చేవారు. నిద్ర రెండు చెట్ల మధ్య కట్టిన వలలో. చెట్లకు వేళ్ళుంటాయి గదా.

"కూర్చుంటే మీ ఇళ్ళు పోతాయి, నిలబడితే నా మోకాళ్ళు పోతాయి" అని నవ్వేది పెద్దమ్మ. "మోకాళ్ళు పాతవి. పోనీ."

ఆ ఆదివారం కొత్త చర్చిలో మొదటి ప్రార్థన. నలభై కుటుంబాలు రెండేళ్ళు ఒళ్ళు హూనం చేసుకుని కట్టుకున్న చర్చి అది. దూలాలు చెక్కింది వడ్రంగి ఐషమ్. మొదటిరోజే పెద్దమ్మను గౌరవించాలని అందరూ అనుకున్నారు. ఆడవాళ్ళు బొంత కుట్టారు. చిలగడదుంపలు కాల్చారు. పెద్దమ్మ గోడకు ఆనుకుని, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకు బరువు మార్చుకుంటూ పొగడ్తలన్నీ వింటోంది.

మూడో మనిషి మాట్లాడుతుండగా డోర్కస్ లేచింది. పాస్టరు కుర్చీని బరబరా ఈడ్చుకొచ్చి పెద్దమ్మ ముందు పెట్టింది.

"ఏయ్, ఏం చేస్తున్నావు?" అన్నాడు ఐషమ్.

"కూర్చోబెడుతున్నాను. గౌరవించడానికేగా పిలిచాం?"

"మతి పోయిందా చెల్లీ? కింద పునాది ఉందనుకున్నావా? చిప్పల గుట్ట మీద నిలబడి ఉంది, అంతే."

"తెలుసు. ఆ చిప్పలు మోసింది నేనే."

"కదిలిందంటే మళ్ళీ వెనక్కి రాదు. ఆవిడ కూర్చున్నది ఏదైనా వెనక్కొచ్చిందా?"

"అన్నా, ఇక్కణ్ణించి ఉత్తరాన ఏముందో చెప్పు."

అందరికీ తెలుసు. టాలివర్ పొలం, దాని వెనక ఏరు, ఏటి అవతల వేరే జిల్లా. అక్కడి జడ్జి అలాంటి కాగితాలను చెల్లనివ్వడు.

"పడవ రేపే" అంది డోర్కస్.

ఐషమ్ తలెత్తి దూలాల వంక చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత పెద్దమ్మ వైపు తిరిగి, "నువ్వేమంటావు?" అన్నాడు.

"నన్నడుగుతావేంరా? చర్చి మీది. మీరు సరేనంటే కూర్చుంటాను."

ఐషమ్ కోటు విప్పి కుర్చీ మీద పరిచాడు. "చెక్క చల్లగా ఉంటుంది" అన్నాడు. ఇంకెవరూ అడ్డు చెప్పలేదు.

పెద్దమ్మ కూర్చుంది. "అబ్బా" అంది కళ్ళు మూసుకుని.

కింద చిప్పలు పరపరలాడాయి. చర్చి ఎద్దుబండి వేగంతో కదిలింది. తల్లులు పిల్లల్ని ఒళ్ళోకి లాక్కున్నారు. "ముందే చెబితే మంచి చెప్పులేసుకుని వచ్చేదాన్ని" అని ఎవరో గొణిగారు. ఇంకెవరో పాట అందుకున్నారు. కిటికీల్లోంచి ఎండిన మొక్కజొన్న దంట్లు వెనక్కి పోతున్నాయి. డోర్కస్ తలుపు పట్టుకుని నిలబడింది, పడిపోయేంత ముందుకు వంగి.

టాలివర్ దొర తుపాకీతో బయటికొచ్చాడు. ఆదివారం పూట, పాట వినిపిస్తున్న చర్చి మీద పేల్చడానికి అతనికి చెయ్యి రాలేదు. "ఆపండి దాన్ని!" అని అరిచాడు.

"దీనికి కళ్ళెం పెట్టలేదు దొరా!" అన్నాడు ఐషమ్.

లెట్టీ పందుల దొడ్డి దగ్గర కుడితి బకెట్ మోస్తోంది.

"లెట్టీ! రా!"

"ఇది పొయ్యకపోతే కొడతారమ్మా."

"పారెయ్ తల్లీ, పారెయ్!"

పిల్ల బకెట్‌ను ఒలకకుండా జాగ్రత్తగా నేలమీద పెట్టి, అప్పుడు పరిగెత్తింది. దొర కూడా పరిగెత్తాడు. డోర్కస్‌కు పిల్ల వేళ్ళు అందాయి, జారాయి. ఐషమ్ గడపమీద బోర్లా పడుకుని మణికట్టు దొరకబుచ్చుకుని లోపలికి లాగేశాడు. డోర్కస్ పిల్లను ఎత్తుకోలేదు. తల, చేతులు, కాళ్ళు తడిమి చూసింది, ఏవైనా తక్కువయ్యాయేమోనన్నట్టు.

ఏట్లో నీళ్ళు బల్లల దాకా వచ్చాయి. అవతలి గట్టున మెత్తటి బురద నేల. అందులో ఇంకో వంద గజాలు పాకి, చర్చి ఒక పక్కకు ఒరిగి ఆగిపోయింది.

సాయంత్రానికి అందరూ పడవల్లో, పెద్దమ్మ మాత్రం నిలబడి, ఊరికి తిరిగొచ్చారు, డోర్కస్, లెట్టీ తప్ప. క్రిస్మస్ నాటికి చర్చి కప్పుదాకా బురదలో దిగిపోయింది. ఊరు మళ్ళీ చర్చి కట్టుకోవడానికి పదకొండేళ్ళు పట్టింది. అప్పటికి ఐషమ్ లేడు.