తడి బంతి

ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టువాళ్ళు వెర్నాన్ పాషెక్ మాట ఒక్కసారీ వినలేదు. ఊరికి ఉత్తరాన సరస్సు ఉన్నట్టే ఇదీ ఉంది. వాదించడానికేమీ లేదు.

ఉదయం ఏడింటికి ఎప్పటిలాగే ఇనప బకెట్టు కుళాయి కింద పెట్టాడు. మార్చి నెలాఖరు. మైదానం అంచుల్లో మురికిపట్టిన మంచు ఇంకా కరగలేదు. బకెట్టు నిండేలోగా కుడిచేతి వేళ్ళకు పట్టీ చుట్టుకున్నాడు. చిటికెన వేలు పక్కకు తిరిగిపోయింది. ఉంగరపు వేలు వంగదు. బంతులకు గాలి కొట్టడం, తుడవడం, విసిరితే పట్టడం. అంతే అతని ఉద్యోగం. జట్టు పరీక్షించే ప్రతి కుర్రాడి మొదటి బంతీ ఆ చేతుల్లోనే పడుతుంది.

తొమ్మిదేళ్ళలో పదకొండుమంది క్వార్టర్‌బ్యాకులు మారారు. బంతి విసిరి ఆట నడిపేవాడు కుదరక జట్టు ఏటా అడుగునే. పోయినేడు అంతగా ఓడినందుకు దక్కింది, ఏప్రిల్ ఎంపికలో నాలుగో వంతు. మూడు జట్లు ఏరుకున్నాక మిగిలిన కాలేజీ కుర్రాళ్ళలో ఒకణ్ణి తీసుకోవచ్చు. మొదటి వంతే కావాలంటే, అది చేతిలో ఉన్న జట్టుకు రాబోయే ఏళ్ళ వంతులు ధారపోయాలి.

పాషెక్‌కు ఏం చెయ్యాలో తెలుసు. నాలుగో వంతులో, క్వార్టర్‌బ్యాకు ముందు గోడలా నిలబడే బండ కుర్రాడొకణ్ణి తీసుకోవాలి. జట్లన్నీ ఒకసారి ఏరుకున్నాక వచ్చే రెండో చుట్టులో లిండ్‌క్విస్ట్ అనే క్వార్టర్‌బ్యాకు ఎలాగూ మిగులుతాడు. పొట్టివాడు, మంచు ఊరివాడు. పోయినవారం వాడి కాలేజీకి వెళ్ళి, బకెట్టులో ముంచిన బంతులు నలభై విసిరించాడు. నలభయ్యీ నేరుగా రొమ్ముకే వచ్చాయి.

ఊరికి మాత్రం క్వార్టర్‌బ్యాకుగా బ్రాక్ హెన్లీ కావాలి. ఈ ఊళ్ళోనే పుట్టినవాడు, ఆరున్నర అడుగులవాడు. మంగలిషాపుల్లో కూడా వాడి బొమ్మలే. వాడి కాలేజీ మైదానానికి పైకప్పు ఉంది. వాన చినుకు కింద ఒక్క ఆటా ఆడలేదు.

పదింటికి డ్రిస్కల్ వచ్చాడు. ఇరవై ఏళ్ళ కిందట ఇక్కడే కాఫీలు మోసినవాడు, ఇప్పుడు ఆటగాళ్ళను ఎంచే పెద్ద. వెంట హెన్లీ, వాడి ఏజెంటు.

"ఆ బకెట్టు అవతల పెట్టు తాతా. ఇవాళ పొడి బంతులే. ఏజెంటుగారితో ఒప్పుకున్నాం."

"డిసెంబర్లో సరస్సు గాలితో కూడా ఒప్పుకున్నావా?"

ఏజెంటు నవ్వాడు. డ్రిస్కల్ నవ్వలేదు.

హెన్లీ యాభై బంతులు విసిరాడు. ఒక్కటీ వంక పెట్టేలా లేదు. అందుకే పాషెక్‌కు ఒళ్ళు మండింది. యాభై ఒకటోదాన్ని బకెట్టులో ముంచి తిరిగి విసిరాడు. హెన్లీ దాన్ని పట్టుకుని, చెయ్యి వెనక్కి లాగి విసిరాడు. బంతి సబ్బుబిళ్ళలా జారి ఏజెంటు బూట్ల దగ్గర పడింది.

"ఇదేంటి, తడిగా ఉంది?" అన్నాడు హెన్లీ అరచెయ్యి చూసుకుంటూ.

"ఈ ఊళ్ళో ఆకాశం కూడా తడే బాబూ."

"నిన్నెవడడిగాడయ్యా?" డ్రిస్కల్ మీదికొచ్చాడు.

"ఎవడూ అడగలేదు. అడక్కపోయినా చెబుతున్నా విను. వీడి కోసం మూడేళ్ళ మొదటి చుట్టు వంతులు ధారపోస్తావు. మరి వీడి ముందు నిలబడి దెబ్బలు కాసేవాణ్ణి ఎక్కణ్ణుంచి తెస్తావు? నాలుగోదాంట్లో గోడని తీసుకో. రెండో చుట్టులో లిండ్‌క్విస్ట్‌ని తెచ్చుకో."

"లిండ్‌క్విస్ట్‌ని తెస్తే స్టేడియంలో నువ్వూ పావురాలే కూర్చోవాలి."

"పావురాలకైనా డిసెంబరు అంటే ఏంటో తెలుసు."

"నీ పని బంతి పట్టడం. పడితే పట్టు, లేదంటే ఇంటికి పో. ఇంట్లో ఎదురుచూసేవాళ్ళు కూడా లేరుగా."

పాషెక్ ఏజెంటు బూట్ల దగ్గరి తడి బంతి తీసి బకెట్టులో పడేశాడు. అతని భార్య ఇర్మా పోయి నాలుగు చలికాలాలు. రోజూ క్యాబేజీ సూపు పొయ్యి మీద ఉడుకుతుంటే ఆ వేళ్ళకు మందు రాసేది. అతను కుర్రాళ్ళ పేర్లు వరసగా చెబుతుంటే, "నాకెందుకు చెబుతావు? వాళ్ళకి చెప్పు" అనేది. ఇవాళ వాళ్ళకే చెప్పాడు. అదీ అయింది.

మిగతా బంతులు పట్టాడు. తుడిచాడు. సంచుల్లో సర్దాడు.

మూడింటికి సామాను గది రేడియోలో వార్త వచ్చింది. జట్టు మూడేళ్ళ మొదటి చుట్టు వంతులిచ్చి ఈ ఏటి మొట్టమొదటి వంతు కొనుక్కుంది, హెన్లీ కోసమే. పాషెక్ రేడియో కట్టేశాడు. పట్టీ విప్పాడు. గది తాళంచెవి మేకుకు తగిలించి, కోటు తొడుక్కున్నాడు.

గేటు దగ్గర కాపలాదారు వాల్డో పరుగున ఎదురొచ్చాడు.

"మన కుర్రాడే వస్తున్నాడంట కదా! పొద్దున వాడి బంతులు నువ్వే పట్టావంటగా? నిజం చెప్పు అన్నా, ఎలా విసిరాడు?"

ముప్ఫై ఒక్క ఏళ్ళలో అడిగినవాడు ఇతనొక్కడు. పాషెక్ కోటు గుండీలు పెట్టుకున్నాడు.

"ఆ సంగతి నా దగ్గర ఎత్తకు. ఇవాళా కాదు, ఎప్పుడూ కాదు."

"రేపొస్తావుగా?"

పాషెక్ రోడ్డు దాటి బస్సెక్కాడు.

మైదానం అంచున బకెట్టు అలాగే ఉంది. సాయంత్రానికి సరస్సు గాలి తిరిగింది. నీళ్ళ మీద పల్చటి మంచుపొర కట్టి, అందులో తేలుతున్న బంతిని కదలకుండా పట్టుకుంది.