ఏడు గంటల పది నిమిషాలు

రిజిస్టరులో చివరిదైన పన్నెండో ఫారం, ఆ మడత కాగితాల కట్ట వెన్నులోంచి దబ్బనం ఇవతలికి రాగానే ముడేసి, దారం కొస పళ్లతో కొరికి, కుట్టిన రిజిస్టరును ఎడమవైపు పెట్టింది. ఆ కుప్ప అప్పుడే ఆమె భుజం దాటింది. గోడ గడియారం పదకొండు చూపిస్తోంది. మామూలు రోజుల్లో ఈపాటికి పదకొండు రిజిస్టర్లవుతాయి. ఇవాళ ఇరవై మూడు.

బైండింగు షాపులో ఆమెను కుట్టక్క అంటారు. అసలు పేరు హాజరు పుస్తకం దాటి బయటికి రాలేదు. పొట్టి మనిషి. చూపుడు వేలికి దారం కోసిన గాడి, బొటనవేలికి దబ్బనం తోసి తోసి కాసిన కాయ. ఇరవై ఆరేళ్లుగా అదే కిటికీ పక్కన, అదే గోనెపట్టా మీద కూర్చుంటోంది.

యజమాని వచ్చి కుప్ప చూసి మురిసిపోయాడు.

"ఏంటి కుట్టక్కా, పొద్దున్నే మిషను గానీ మింగొచ్చావా?"

"లేదండీ. అదే నన్ను మింగేలా ఉంది."

ఆయన నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. ఆమె ఒక రిజిస్టరు మధ్యకు తెరిచి చూసింది. కుట్లు గీత గీసినట్టున్నాయి. ఒక్క తప్పు లేదు. భయమంతా అదే. చెయ్యి తన లెక్క దాటి పరిగెడితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. మొదటిసారి షాపులో కట్టి పెట్టిన పుస్తకాలన్నీ విప్పేసి మళ్లీ కుట్టింది. రెండోసారి నడిరోడ్డు మీద నిలబడి బస్సులు ఆపింది. అందులో ఒక బస్సు నడుపుతున్నది మొగుడే. ఆయనా మరో ఇద్దరూ కలిసి తువ్వాలుతో చేతులు కట్టి, బండిలో పడేసి మనోవ్యాధుల ఆసుపత్రికి మోసుకుపోయారు. వీధి వీధంతా చూసింది. నాలుగు నెలల తర్వాత ఇంటికొచ్చి, ఆ తువ్వాలును చించి మసిగుడ్డ చేసింది. ఈసారంటూ వస్తే తన కాళ్ల మీద తనే నడిచి వెళ్లాలని ఆ రోజే అనుకుంది. ఇంతకాలంలో ఆమె తనకోసం కోరుకున్నది అదొక్కటే.

ఆమె జబ్బు ముందు నిద్ర మీదే దెబ్బ కొడుతుంది. ముందుగా పసిగట్టొచ్చని నిరుడు ఆసుపత్రివాళ్లు చేతికి ఒక పట్టీ ఇచ్చారు. రాత్రి కట్టుకుంటే చెయ్యి కదలికలు లెక్కపెట్టి, నిద్ర ఎంతో ఇంట్లో ఫోనుకు చెబుతుంది. ఫోను ఆసుపత్రిలో నర్సుకు చెబుతుంది. ఆరు గంటలు దాటితే పచ్చ. నాలుగుకు తగ్గితే ఎరుపు, వెంటనే నర్సు ఫోను చేస్తుంది. మంచి ఆలోచనే. కాకపోతే కదలకుండా పడుకోవడం కుట్టక్క కాపురానికొచ్చిన నాటినుంచి సాధించిన విద్య అని ఆ పట్టీ చేసినవాడికి తెలియదు. మొగుడు పొద్దున్నే మొదటి బస్సు తీయాలి. ఆమె ఒత్తిగిలితే మంచం కిర్రుమంటుంది. ఆయన లేచి "మళ్లీ మొదలైందా?" అంటాడు. ఆ గొంతు వినలేక మూడు రాత్రులు రెప్ప వాల్చకుండా కట్టెలా పడుంది. పట్టీ మూడు రాత్రులూ పచ్చగా రాసింది.

నిన్న పొద్దున చెప్పింది.

"నాకు నిద్ర పట్టట్లేదండీ."

ఆయన ఫోను తెచ్చి ముఖం ముందు పెట్టాడు. "ఇదిగో, ఏడు గంటలు. నీకంటే దానికి బాగా తెలుసు."

నర్సుకు ఫోను చేస్తే ఆవిడా పట్టీ పంపిన చార్టే చూసింది. "బాగానే ఉందక్కా, కంగారు పడకండి" అంది.

మనిషి మాట చెల్లనప్పుడు పట్టీ అబద్ధం పట్టీతోనే చెప్పించాలనుకుంది. రాత్రి ఆయన గురక అందుకున్నాక, పక్క దిండు మూలను మణికట్టంత లావున పిడికిట్లో పట్టి, పట్టీ దానికి బిగించింది. దుప్పటి కప్పింది. తను వంటగదిలో పీట మీద కూర్చుని తెల్లవార్లూ దారానికి మైనం రుద్దింది.

పొద్దున ఆయన లేచీ లేవగానే ఫోను చూశాడు. ఏడు గంటల పది నిమిషాలు. "చూశావా?" అని, ఆమె చేతిలోంచి టీ గ్లాసు అందుకున్నాడు. ఆ చేతికి పట్టీ లేదు. అది చూడలేదు.

ఆమె దిండును ఇంకాసేపు పడుకోనిచ్చింది.

ముప్పయ్యో రిజిస్టరు పూర్తికాగానే కుట్టక్క దబ్బనాన్ని మైనం ముద్దలో గుచ్చి, షాపు ఫోను దగ్గరికి వెళ్లింది.

"నర్సమ్మా, మీ చార్టులో రాత్రి పడుకుంది నేను కాదు, మా పక్క దిండు."

అటువైపు కుర్చీ జరిగిన చప్పుడైంది. నర్సు అడిగింది. "మీరు పడుకుని ఎన్నాళ్లయిందక్కా?"

"నాలుగు రాత్రులు. మూడింటికి వస్తా, మంచం ఉంచండి."

"ఎవరు తీసుకొస్తారు?"

"నా కాళ్లు."

యజమాని విని గొణిగాడు. "ఇంత జోరు మీదున్నప్పుడు సెలవంటావేంటక్కా?"

"ఆ జోరే జబ్బండీ" అని గోనెపట్టా దులిపి, మడిచి, కిటికీలో పెట్టింది.

ఇంటికెళ్లేసరికి మొగుడు డ్యూటీ దిగొచ్చి బూట్లు విప్పుతున్నాడు. ఆమె మంచం మీది దుప్పటి తీసింది. ఆయన దిండునూ ఆమెనూ మార్చి మార్చి చూశాడు. ఫోను తీశాడు. పదిహేను గంటల నిద్ర. చాలా బాగుంది అని కూడా రాసుంది.

"నాకు చెప్పొచ్చుగా" అన్నాడు చివరికి.

"చెప్పాను. మీరు దాన్ని అడిగారు."

ఆయన ఫోను గూట్లో పెట్టేశాడు. విప్పిన బూటు మళ్లీ తొడుక్కున్నాడు. ఆమె రెండు జతల బట్టలూ దువ్వెనా సంచిలో పెట్టుకుంటుంటే, నేల చూస్తూ అన్నాడు.

"బండి పిలుస్తా."

"వద్దు. బస్సులో వెళదాం. టికెట్టు కొనుక్కుని పక్కన కూర్చోండి. చెయ్యి మాత్రం పట్టుకోకండి."

వీధిలో ఆమె ముందు నడిచింది. సంచి ఆమె భుజానికే ఉంది. వీధి ఎప్పటిలాగే ఉంది, ఎవరూ తలుపు తీసి చూడలేదు. ఆసుపత్రి మెట్ల దగ్గర ఆయన అలవాటుగా చెయ్యి చాచి, గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాడు. తొమ్మిది మెట్లు. ఎక్కడా ఆగకుండా ఎక్కి, పైన నిలబడ్డ నర్సుకు వట్టి మణికట్టు చూపించి లోపలికి వెళ్లింది.

తాళం వేసిన ఇంట్లో, మంచం మీద పక్క దిండు కదలకుండా పడుంది. దాని మూలకు బిగించిన పట్టీ ఇంకా పచ్చగా వెలుగుతోంది.