తొంభయ్యో రోజు ఫోను

హనుమండ్లు చనిపోయినట్టు నిషాత్ కంప్యూటర్‌లో ఎక్కించిన రోజు మధ్యాహ్నం, హనుమండ్లు హుజూరాబాద్ మార్కెట్ యార్డు ముందు నిలబడి మిరపకాయ బజ్జీలు తింటున్నాడు. ఆ సంగతి ఆమెకు మరునాటి దాకా తెలియలేదు.

నిషాత్‌ది కరీంనగర్. అక్కడే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, ఐసీయూలో జరిగే పరిశోధనల పని చూస్తుంది. ఇప్పుడు నడుస్తున్నది సెలైన్ గురించిన పరిశోధన. ఒంట్లో చీము పాకి బీపీ పడిపోయిన మనిషికి సెలైన్ ధారాళంగా ఎక్కించడం మేలా, కొంచెమే ఎక్కించి బీపీ పెంచే మందు తొందరగా మొదలుపెట్టడం మేలా అని. రెండూ డాక్టర్లు ఏళ్లుగా చేస్తున్నవే. ఎవరికి ఏ పద్ధతో కంప్యూటర్ చీటీ తీసినట్టు తీస్తుంది. ఐసీయూ తలుపు బయట చాపలు పరుచుకొని కూచున్న చుట్టాలకు ఇదంతా అర్థమయ్యేలా చెప్పి సంతకాలు తీసుకోవడం నిషాత్ పని. రోగి ఇంటికి వెళ్లాక ముప్పయ్యో రోజు ఒకసారి, తొంభయ్యో రోజు ఒకసారి ఫోన్ చేయాలి. ముప్పయ్యో రోజు ఎలా ఉన్నారో కొన్ని ప్రశ్నలతో తెలుసుకోవాలి. తొంభయ్యో రోజు అసలు ఉన్నారా లేదా అన్నది తేల్చాలి, ఉంటే అవే ప్రశ్నలు మళ్లీ అడగాలి. పరిశోధన మొత్తం ఆ రెండో ఫోను మీదే నిలబడి ఉంది.

హనుమండ్లు అందులో నలభై ఒకటో మనిషి. కాలి పుండు ముదిరి, సోయి లేకుండా వచ్చాడు. పదకొండు రోజులు ఐసీయూలో, అందులో అయిదు రోజులు వెంటిలేటర్ మీద. అతని భార్య కిష్టవ్వ, నిషాత్ చెప్పినదంతా విని ఒకే మాట అడిగింది.

"ఏది మంచిదో మీకే తెల్వదా బిడ్డా?"

"తెల్వకనే అవ్వా, తెలుసుకుంటున్నం."

"గట్ల నిజం చెప్పినవ్. ఏడ ఏలుముద్ర ఏయాల్నో చూపియ్యి."

అందుకే ఆ ముసలమ్మ అంటే నిషాత్‌కు ఇష్టం. అందుకే తొంభయ్యో రోజు పొద్దున తొమ్మిదింటికి ఫోన్ చేసినప్పుడు కాస్త ఉత్సాహంగానే చేసింది.

"అవ్వా, బాపు ఉన్నడా?"

"పోయిండు బిడ్డా."

కిష్టవ్వ గొంతు బొంగురుగా ఉంది. వేరే ఎవరైనా అయితే ఎక్కడికి అని అడిగేవారేమో. రెండేళ్లుగా ఐసీయూ తలుపు దగ్గర పనిచేస్తున్న మనిషికి ఆ మాట వింటే ఆ ప్రశ్న తోచదు.

"అయ్యో. ఎప్పుడవ్వా?"

"గిప్పుడే. చాయ్ తాగిండు, పోయిండు. ఇగ నన్నేం అడగకు బిడ్డా, నీకు దండం పెడ్త."

ఫోన్ పెట్టేసింది. మళ్లీ ఫోన్ చేసి, అప్పుడే మొగుణ్ణి పోగొట్టుకున్న ఆడమనిషిని వివరాలు అడగడానికి నిషాత్‌కు మనసు రాలేదు. కంప్యూటర్‌లో 'మరణం' అన్న గడిలో టిక్కు పెట్టి డాక్టర్ సదానందం గదిలోకి వెళ్లింది. పరిశోధన ఆయనదే.

"చాయ్ తాగిండు, పోయిండు అంటే గుండె కావచ్చు," అన్నాడాయన, కళ్లద్దాలు తీసి. "మంచిగ నడిచిపోయిన మనిషి. రిపోర్టుల కారణం రాయాలె నిషాత్. ఫోన్ల అడిగితే బాగుండదు, రేపు నువ్వే పోయి రా. పరామర్శ చేసినట్టు గూడ ఉంటది."

మరునాడు నిషాత్ బస్సులో వెళ్లి హుజూరాబాద్‌లో దిగి, హనుమండ్లు ఊరికి ఆటో మాట్లాడుకుంది. ఆటో నడిపే సిద్దిరాములుది ఆ ఊరే.

"ఎవలింటికి మేడం?"

"హనుమండ్లు గారింటికి. నిన్న చనిపోయిండు కదా."

సిద్దిరాములు ఆటోను రోడ్డు పక్కకు తీసి ఆపాడు. "దడ్వాయి హనుమండ్లా?" మార్కెట్ యార్డులో ధాన్యం తూకం వేసేవాళ్లను అక్కడ దడ్వాయి అంటారు. "మీకెట్ల ఎరుక?"

"నేను కరీంనగర్ దవాఖాన నుంచి వస్తున్న."

అంతకు మించిన సాక్ష్యం అతనికి అక్కర్లేకపోయింది. ఫోన్ తీసి వరసగా నలుగురికి చెప్పాడు. దవాఖానోళ్లే వచ్చిన్రు, ఖాయమే అని నలుగురికీ విడివిడిగా నమ్మకం కలిగించాడు. తర్వాత ఆటో నడుపుతూ నిట్టూర్చాడు.

"నిన్న పగటీలి గూడ బజ్జీల బండి కాడ కనవడ్డడు మేడం. ఆడ్నించి ఆడికే కరీంనగర్ తీస్కపోయిన్రు కావచ్చు."

నిషాత్ ముందుకు వంగింది. "పగటీలా? పొద్దున తొమ్మిదిటికి ముందు కాదా?"

"పన్నెండు దాటింది. నాకు గూడ ఒక బజ్జీ ఇచ్చిండు."

ఆ నలుగురికీ మళ్లీ ఫోన్ చేయమని ఆమె అనేలోపే ఆటో ఇంటి ముందు ఆగింది. అప్పటికే పాతిక మంది పోగై ఉన్నారు. పక్కింటి ఐలవ్వ గడపలో కూలబడి, హనుమండ్లు మంచితనమంతా రాగం తీసి ఏడుస్తోంది. కిష్టవ్వ చేటలో కందులు పోసుకొని నడింట్లో నిలబడి ఉంది.

"నా ఇంటి ముంగట ఏం ఏడుపే ఇది? ఎవలు సచ్చిన్రు?"

"దవాఖానోళ్లే చెప్పవట్టిరి," అన్నాడు సిద్దిరాములు.

పాతిక మందీ నిషాత్ వైపు తిరిగారు. ఆమె నోరు తెరిచే లోపు ఇంటి వెనక నుంచి హనుమండ్లు వచ్చాడు. స్నానం చేసి, నడుముకు తువ్వాల చుట్టుకొని, తల కారుతూ ఉన్నాడు. జనం వెనక నిలబడి, మునివేళ్ల మీద లేచి చూశాడు.

"ఎవలు పోయిన్రు?"

ఐలవ్వ ఏడుపు టక్కున ఆగింది. కొంగుతో మొహం తుడుచుకొని లేచింది. "నీ కోసమే ఇంతసేపు ఏడ్సిన. ఉత్తగ పాయె," అని విసవిసా వెళ్లిపోయింది.

జనం ఒకరొకరే నవ్వుకుంటూ కదిలాక, నిషాత్ కిష్టవ్వ ముందు నిలబడింది.

"నువ్వే కదవ్వా, పోయిండు అంటివి."

"పోయిండు కాబట్టె పోయిండన్న. నేను అబద్ధం చెప్పలే." కిష్టవ్వ చేట కింద పెట్టింది. "ఈయన నోట్ల గొట్టం ఏసిన్నాడు మల్లన్నకు మొక్కుకున్న. మనిషిని ఇంటికి తోలియ్యి, సచ్చేదాక అబద్ధమాడ అని. ఈయనేమో నీ ఫోనొస్తే లేనని చెప్పమనె. నేను చెప్ప అన్న. అయితే నేను గడప దాటుత, పోయిండని చెప్పు, అది నిజమే కద అనె. ఫోన్ మోగంగనే చాయ్ గిలాస పెట్టి ఉరికిండు."

హనుమండ్లు అంగీ తొడుక్కొని వచ్చి మంచం మీద కూచున్నాడు. తప్పు చేసిన ముఖమేమీ లేదు. "తొంభై దినాలకు ఉన్ననా లేనా అనే కద నీ లెక్క. ఉన్న. రాసుకో, పో."

"అంతే కాదు బాపూ. ఇంకొన్ని ప్రశ్నలున్నయ్."

ఆమె కాగితాలు తీసింది. నడుస్తున్నారా? నడుస్తున్నా. స్నానం సొంతంగా చేస్తున్నారా? ఇప్పుడే చూస్తివి కద. అంగీ గుండీలు? పెట్టుకున్న, లెక్కబెట్టుకో. జవాబులన్నీ టకటకా వచ్చాయి.

"ఇప్పుడు అయిదు మాటలు చెప్త. జరసేపటికి మళ్ల అడుగుత."

హనుమండ్లు లేచి చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టాడు. "యార్డుకు పొద్దు పోతంది."

"గిదే బిడ్డా," అంది కిష్టవ్వ. "గీ అయిదు మాటలకే ఈయన నీ ఫోనంటే ఉరుకుతుండు. పోయినసారి నువ్వు ఫోన్ల అడిగితే అయిదూ నేనే చెవుల చెప్పిన."

"అది అబద్ధం కాదా అవ్వా?"

"నేను ఈయనకు చెప్పిన. నీకు చెప్పలే."

నిషాత్ హనుమండ్లు వైపు చూసింది. అతను ఒక చెప్పు వేసుకొని, రెండోది చేత్తో పట్టుకొని మళ్లీ మంచం మీద కూచున్నాడు. ఈసారి గొంతు తగ్గింది.

"ముప్పై బస్తాల తూకం కాయితం లేకుంట మనసులనే పెట్టుకొని, ఆఖర్ల కలిపి చెప్పెటోణ్ణి. సేట్లు గూడ నా లెక్కకు ఎదురు చెప్పకపోతుండె. గిప్పుడు నాలుగో బస్త కాడికే మొదటిది మర్సిపోతున్న. యార్డుకు పోతున్న గని తూకం కాంట ముట్టలే. ఊకె నిలవడి వస్తున్న. గది నువ్వు కాయితం మీద రాస్తే ఇగ ఖాయమైతది కద."

నిషాత్ కాగితాలు ఒళ్లో పెట్టుకుంది.

"బాపూ, అన్ని రోజులు ఐసీయూల ఉన్నోళ్లకు శానమందికి ఇట్ల అయితది," అంది నిషాత్. "నీ ఒక్కనికే కాదు. కొందరికి మెల్లగ తిరిగొస్తది. ఎందరికొస్తది, ఎన్ని దినాలకొస్తది అని మాకూ సరిగ తెల్వది. అవ్వ చెవుల చెప్పినయ్ నేను రాసుకుంటే అసలే తెల్వది. నాకు నీ తప్పులే కావాలె."

"తప్పులు రాసుకుంటందుకు గింత దూరం వచ్చినవా?"

"ఆ."

"అయితే కూసో. మస్తున్నయ్."

ఆమె అయిదు మాటలు చెప్పింది: గొర్రె, గొడ్డలి, పెరుగు, రైలు, గులాబి. తర్వాత వంద నుంచి ఏడేడు తీసేయమంది. తొంభై మూడు అన్నాడు, ఎనభై ఆరు అన్నాడు. ఆ తర్వాత ఇంటి కప్పు వైపు చాలాసేపు చూసి డెబ్బై ఎనిమిది అన్నాడు. అన్న వెంటనే తప్పని అతనికే తెలిసి తల అడ్డంగా ఊపాడు. కిష్టవ్వ కొంగు నోట్లో కుక్కుకొని గోడ వైపు తిరిగి నిలబడింది.

"ఇందాకటి మాటలు చెప్పు బాపూ."

"గొర్రె. పెరుగు. రైలు." ఆగాడు. "బజ్జీ."

"బజ్జీ లేదు."

"నీ కాయితంల లేదు. నాకైతే యాదికొచ్చింది."

మూడు అని రాసుకుంది నిషాత్. డాక్టర్ గారు మతిమరుపుకు చూసే డాక్టర్ దగ్గరికి చీటీ రాసిస్తారని, వచ్చే వారం తప్పకుండా రమ్మని చెప్పింది. సరే అన్నాడు. అన్నాడు గానీ, మరిచిపోకుండా ఉండటానికి ఆ మాట ఆమె ముందరే కిష్టవ్వకు అప్పగించాడు.

చచ్చిపోయిన మనిషిని కంప్యూటర్‌లో బతికించడం మాత్రం అంత తేలిగ్గా కాలేదు. మరణం గడిలో టిక్కు పెడితే ఆ పేజీకి తాళం పడిపోతుంది. హైదరాబాద్‌లో పరిశోధన లెక్కలు చూసే ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది: మీ నలభై ఒకటో రోగి మరణించిన మరునాడు జ్ఞాపకశక్తి పరీక్షకు హాజరైనట్టు ఉంది, దయచేసి వివరించండి. నిషాత్ జరిగిందంతా ఇంగ్లీషులో రెండు పేజీలు రాసింది. తాళం తీయడానికి వాళ్లకు పది రోజులు పట్టింది.

ఆ పది రోజుల్లో ఆమెను ఇంకో అనుమానం పట్టుకుంది. ముప్పయ్యో రోజు ఫోన్ల కాగితాలన్నీ ముందేసుకొని చూసింది. ముప్పై ఆరు మందిలో ఇరవై తొమ్మిది మందికి అయిదుకు అయిదు. తీసుకెళ్లి డాక్టర్ సదానందానికి చూపించింది. ఆయన కాగితాలు తిరగేసి, ఆ మాటలు తనకోసారి చెప్పమన్నాడు. చెప్పింది. అయిదు నిమిషాలు ఆగి అడిగింది. గొడ్డలి ఎంతకూ గుర్తు రాలేదాయనకు.

"నేనే నాలుగు చెప్పిన. నేను ఏ ఐసీయూల పండుకోలే," అన్నాడు. "మరి ఈ మార్కులు పేషెంట్లవా, పెండ్లాలవా?"

అందరి ఇళ్లకూ వెళ్లి మళ్లీ అడగాలని తేలింది. ఉట్నూర్ దాకా జీపు మాట్లాడారు, దారిలో ముందు వచ్చేది ఖానాపూర్. అక్కడ బట్టల దుకాణం నడిపే జియావుల్లాకు క్రితంసారి అయిదుకు అయిదు. నిషాత్ ఫోన్ చేస్తే అతని భార్య షాహీన్ ఎత్తింది. మంగళవారం మేమే ఇంటికొస్తున్నాం, ఆయన్ను ఇంట్లో ఉండమనండి, ఎదురుగా కూచోబెట్టి మాటలు అడుగుతాం అని చెప్పింది నిషాత్.

షాహీన్ గొంతు తగ్గించింది.

"రాండ్రి, ఫికర్ లేదు," అంది. "గని ఈసారి ఏ మాటలడుగుతరో జర ముందుగాల చెప్పరాదు? మంగళారం దాక చదివిపిస్త."