రేడియో మూగబోవాలి

మా కొండ ఊరి రేడియోలో జీతగాళ్ళెవరూ లేరు. మందుల షాపు మూసేసి వచ్చి నేను వార్తలు చదువుతాను. శిఖరం మీది ట్రాన్స్‌మిటర్‌ని కరెంటు పనులు చేసే మా ఆయన చూసుకుంటాడు. అక్కడ ఫోన్లు పలకవు. అందుకే పైకి చేరగానే ప్రసారం ఒక్క క్షణం ఆపుతాడు. రేడియో మూగబోతే మనిషి క్షేమమని ఊరందరికీ తెలుసు.

ఆ మధ్యాహ్నం ఆయన బయలుదేరాక మంచు తుఫాను విరుచుకుపడింది. ఆయన జేబులో చిన్న రేడియో ఉంది. వినగలడు, బదులు చెప్పలేడు. వార్తలు పక్కన పడేసి మైకు అందుకున్నాను.

"వెనక్కి రావయ్యా! చెబితే చెవికెక్కదా?"

హెడ్‌ఫోన్‌లో శిఖరం నుంచి తిరిగొచ్చే నా గొంతు ఖణేల్‌మంటూనే ఉంది. అంత చక్కగా పలికే రేడియోని నేలకేసి కొట్టాలనిపించింది. కిటికీ అవతల జనం రేడియోలు చెవులకానించుకుని నిలబడ్డారు. వెలుతురు తగ్గిపోతోంది.

"తిట్టకే అమ్మాయ్, ఒక్క మంచిమాట చెప్పు," అన్నారు పక్కనున్న మా అత్తగారు.

మంచిమాట నా నోట అంత తేలిగ్గా రాదు. మైకు దగ్గరికి జరిగాను.

"ఏవయ్యా, నువ్వు లేకపోతే నేను..."

హెడ్‌ఫోన్ మూగబోయింది. బయట ఊరంతా ఒక్కసారిగా కేక పెట్టింది. అత్తగారు నన్ను పట్టుకుని ఏడ్చేశారు.

పెళ్ళయ్యాక మొదటిసారి ఒక మంచిమాట చెప్పబోతే, సరిగ్గా అప్పుడే ఆపాడు మహానుభావుడు!