చంద్రకళ వాంగ్మూలం

పొద్దున్నే ఏడింటికి శ్రీనగర్ కాలనీలో బస్సెక్కి, దిగినచోటి నుంచి ఫిల్మ్‌నగర్ గుట్ట మీదికి నడవడం బాలాత్రిపురసుందరి ఉద్యోగంలో ఒక భాగం. కంపెనీ కారు హీరోయిన్‌కి వస్తుంది, హీరోయిన్ జుట్టు దువ్వే ఆవిడకి వస్తుంది, హీరోయిన్ కుక్కపిల్లకి వస్తుంది. హీరోయిన్‌కి తెలుగు నేర్పే మనిషికి మాత్రం రాదు.

సుందరి ఎం.ఏ. తెలుగు చదివింది. మద్రాసులో పదకొండేళ్లు బళ్లో పాఠాలు చెప్పింది. సినిమావాళ్లు ఒక్కొక్కరే హైదరాబాదు దారి పట్టాక ఆ బడిలో తెలుగు పిల్లలు తగ్గిపోయి, తెలుగు సెక్షనే ఎత్తేశారు. బడిని పోగొట్టిన వాళ్ల వెనకే తనూ వచ్చి, బొంబాయి నుంచి దిగే అమ్మాయిలకి పెదాలు కదపడం నేర్పుతోంది. గొంతు ఎలాగూ డబ్బింగువాళ్లదే. ‘ఊడ్చేవాళ్ల పనికైనా ఒక అర్థం ఉంది’ అనుకునేది సుందరి.

ఆ సెట్లలో ఊడ్చేవాళ్లకి పని ఎక్కువే. నోటికి పట్టని అక్షరం నోట్లోంచి జారి కింద పడిపోయేది. చింతపిక్కంత ఉండేది, నల్లగా, నున్నగా. బొంబాయి హీరోయిన్ ఒక పేజీ డైలాగు చెబితే కాళ్ల కింద గుప్పెడు ‘ళ’లు, ‘ణ’లు టపటపా రాలేవి. కెమెరామన్ కాలితో పక్కకి తోసేవాడు. బోరబండ నుంచి వచ్చే దేవమ్మ చీపురుతో చేటలోకి ఎత్తేది. వాటిని జనం తొక్కుతుంటే సుందరికి ఒళ్లు మండేది. చేటలోవి తన సంచిలో పోసుకుని ఇంటికి తీసుకెళ్లేది.

ఆ ఏడాది, అంటే తొంభై నాలుగులో, ఆమెకి అప్పగించిన హీరోయిన్‌కి నిర్మాత బసవపున్నయ్య చంద్రకళ అని పేరు పెట్టాడు. సంఖ్యాశాస్త్రం ప్రకారం ఆ పేరు కలిసొస్తుందట. ఆ పిల్లకి అదే నోరు తిరిగేది కాదు. వచ్చిన కొత్తలో ఎవరికి పరిచయం చేసుకున్నా ‘చంద్రక’ గాలిలో ఉండేది, ‘ళ’ నేల మీద ఉండేది. తన పేరు తను మోయలేని మనిషికి నలభై అడుగుల కటౌటు పెడతారు, దండలు వేస్తారు. సుందరి ఆ పిల్లని కన్నెత్తి చూడటం మానేసి, కింద పడినవి చూసి తప్పులు దిద్దేది.

“ళ. నాలిక మడువు. మళ్లీ అను.”

“సారీ టీచర్‌జీ.”

“సారీ కాదు. ళ.”

అలాంటి రోజుల్లో మారిషస్‌లో ఒక బడివాళ్లు తెలుగు ఉపాధ్యాయురాలు కావాలని పత్రికలో వేశారు. నలభై లోపు వయసు. సుందరికి నలభై నిండటానికి ఐదు నెలలుంది. దరఖాస్తు పెట్టింది, ఎంపికైంది. ఇక మిగిలింది వీసా కాగితాలు.

డిగ్రీ నకళ్ల మీద సంతకం కోసం ఒక గెజిటెడ్ అధికారి ఇంటి వరండాలో మూడు ఆదివారాలు కూర్చుంది. ఆయన ఆకుపచ్చ సిరా పెన్ను మూత తీసి, “సినిమావాళ్లతో ఉంటారు కదా, ఆ హీరోయిన్లు నిజంగా అంత తెల్లగా ఉంటారాండీ?” అని అడిగాడు.

“ఉండరండీ,” అంది సుందరి. ఆయన నిరుత్సాహంగా సంతకం పెట్టాడు.

అన్నీ అయ్యాయి, అనుభవ ధ్రువపత్రం తప్ప. గత మూడేళ్లుగా భాష బోధిస్తున్నట్టు యజమాని రాసివ్వాలి. ఆ మూడేళ్లూ ఆమె బసవపున్నయ్య కంపెనీలోనే పనిచేసింది.

జూబ్లీహిల్స్‌లో బండరాళ్లు పేల్చి కట్టిన ఆయన ఆఫీసులో ఏసీ చల్లదనానికి సుందరి కొంగు కప్పుకుని నిలబడింది. కూర్చోమని ఎవరూ అనలేదు.

“సర్టిఫికెట్టా!” అన్నాడు బసవపున్నయ్య. “మనం పేపర్లో ఏం చెప్పాం సుందరమ్మా? చంద్రకళ మన బాష మీద ప్రేమతో తనంతట తనే నేర్చుకుందని చెప్పాం. ఇప్పుడు నీకు కాయితం ఇస్తే, నేర్పించామని ఒప్పుకున్నట్టు కాదూ? బాషాభిమానం మీదే కదా మన పబ్లిసిటీ అంతా.”

రెండుసార్లూ ‘భ’ కింద ఒత్తు జారి బల్ల అద్దం మీద టిక్కుమంది. ఆయన చేత్తో పక్కకి తోసేశాడు.

“మూడేళ్లు పనిచేశానండీ.”

“కాదన్నానా? కావాలంటే కాస్ట్యూమ్స్ సెక్షన్లో చేశావని రాయిస్తా. ఇస్త్రీ అదీ.”

సుందరి బయటికొచ్చింది. ‘తెనాలిలో పుట్టి భాష అనలేనివాడు నా చదువుకి ఇస్త్రీ చేస్తాడట’ అనుకుంది. కానీ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ మనిషి ముందు తిరగనందుకు సంతోషించింది.

సెట్‌కి వెళ్లేసరికి దేవమ్మ ఖాళీ చేట పట్టుకుని గోడకి ఆనుకుని కూర్చుంది.

“రాలినవేవి దేవమ్మా?”

“ఏందమ్మా? ఈ నడుమ ఏం పడ్తలేవు. చీపురుకు పనే లేదు.”

కాగితాల వెంట తిరుగుతూ ఈ నెల్లాళ్లూ సెట్‌ని సరిగా పట్టించుకోని సుందరి, బద్ధకం మనిషి, చీకటి మూలలు ఊడవడం లేదనుకుంది. ఒక కుర్చీలో కూర్చుని దరఖాస్తు మళ్లీ చదివింది. ఆఖరి పేజీలో చిన్న అక్షరాల్లో ఒక వెసులుబాటు ఉంది. యజమాని పత్రం ఇవ్వకపోతే, ఇటీవలి శిష్యుల్లో ఒకరు, నేర్చుకున్న భాషలోనే, నోటరీ ఎదుట వాంగ్మూలం ఇవ్వచ్చు. కాగితాలన్నీ శనివారంలోగా పంపాలి. ఆ రోజు గురువారం.

మద్రాసు పిల్లలు ఎక్కడున్నారో తెలియదు. మిగతా హీరోయిన్లు బొంబాయి వెళ్లిపోయారు.

“ఏంటి టీచర్‌జీ అది?” పక్కన చంద్రకళ నిలబడి ఉంది. సుందరి జవాబివ్వకముందే వంగి ఇంగ్లీషులో చదివేసింది. “నేను ఇస్తాను.”

“నువ్వా?”

“నేను శిష్యురాలినే కదా.”

సుందరికి నవ్వొచ్చింది. వెంగళరావు నగర్‌లో లక్ష్మయ్య అనే నోటరీ దగ్గర పద్ధతి ఊరందరికీ తెలుసు. ప్రమాణం చేసేవాళ్ల గడ్డం కింద స్టీలు పళ్లెం పెడతాడు. ఒక్క అక్షరం రాలినా సీలు వెయ్యడు. చెప్పినవాడి నోట నిలవని మాట ప్రమాణం కాదంటాడు. ఈ పిల్ల చదివితే ఆ పళ్లెం నిండిపోతుంది. కానీ వేరే దారి లేదు.

ఆ సాయంత్రం వాంగ్మూలం రాయడానికి కూర్చుంది. ‘ళ’ లేకుండా, ‘ణ’ లేకుండా రాయచ్చు. కళాశాల అననక్కర్లేదు, ఉచ్చారణ అననక్కర్లేదు. రెండు వాక్యాలు అలా రాసి, తన మీద తనకే రోత పుట్టి చించేసింది. అలాంటి తెలుగు రాయడానికైతే బసవపున్నయ్య కొలువే చాలు. ఉండాల్సిన అక్షరాలన్నీ పెట్టి ఒక నిండు పేజీ రాసింది.

మర్నాడు మధ్యాహ్నం చంద్రకళ మొహానికి దుపట్టా చుట్టుకుని ఆటోలో వచ్చింది. కంపెనీ కారులో వస్తే బసవపున్నయ్యకి తెలిసిపోతుందట. లక్ష్మయ్య కళ్లజోడు సర్దుకుని, పళ్లెం ముందుకు జరిపాడు. సుందరి, రాలినవి ఏరుకోవడానికి తెచ్చుకున్న రుమాలు ఒళ్లో పరిచింది.

“సినిమా అమ్మాయా?” అన్నాడు లక్ష్మయ్య, చేదు మింగినట్టు. “పేరు? అసలుది.”

“కుసుమ్‌లత శ్రీవాస్తవ. మాది అలహాబాదు.”

సుందరి తల తిప్పి చూసింది. ఎనిమిది నెలలు. తను ఒక్కసారి కూడా అడగలేదు.

“తెర పేరు?”

“చంద్రకళ.”

లక్ష్మయ్య పళ్లెంలోకి చూశాడు. ఏమీ లేదు. “చదవండి,” అన్నాడు.

“నా గురువుగారైన బాలాత్రిపురసుందరి గారు ఎనిమిది నెలలుగా నాకు తెలుగు వర్ణమాల, ఉచ్చారణ, వ్యాకరణం శ్రద్ధగా నేర్పారు. షూటింగు వేళల్లోనూ, సెలవు రోజుల్లోనూ విసుగు లేకుండా పాఠాలు చెప్పారు...”

‘విసుగు లేకుండా’ అన్న మాట తను రాయలేదని సుందరికి తెలుసు. ఆ పిల్ల సొంతంగా కలిపింది. అది అబద్ధం, అయినా కింద పడలేదు. ‘కళాశాల’ వచ్చింది, పడలేదు. ‘కళ్ళకు కట్టినట్టు’ వచ్చింది. సుందరి రుమాలు రెండు చేతులా ఎత్తి పట్టుకుంది. పేజీ అయిపోయింది. పళ్లెం కడిగి బోర్లించినంత శుభ్రంగా ఉంది.

లక్ష్మయ్య పళ్లెం ఎత్తి అడుగున కూడా చూశాడు. “నా సర్వీసులో వకీళ్లు కూడా ఇట్లా చదవలే,” అని సీలు కొట్టాడు.

బయట మెట్ల మీద సుందరి అడిగింది, “ఎప్పుడు నేర్చుకున్నావే?”

“మేకప్ రెండు గంటలు వేస్తారు కదా. అప్పుడు అనుకుంటూ కూర్చుంటాను. లిప్‌స్టిక్ చెరిగిపోతోందని మేకప్‌మన్ తిడతాడు.”

“మరి నాకు చెప్పలేదేం?”

“మీరు కిందికి చూస్తూ ఉంటారు కదా,” అంది ఆ పిల్ల మామూలుగా, ఆటో కోసం చెయ్యెత్తుతూ.

కాగితాలు శనివారం వెళ్లాయి. ఆరు వారాలకి వీసా వచ్చింది.

ఈలోగా సినిమా విడుదలైంది. విలేకరుల సమావేశంలో ఎవరో, తెలుగు ఎలా నేర్చుకున్నారని అడిగారు. బసవపున్నయ్య మైకు అందుకోబోయేలోపు కుసుమ్ తన గురువు పేరు చెప్పేసింది. ఆయన తరవాతి సినిమా నుంచి ఆ పిల్లని తీసేశాడు. కొత్తమ్మాయి బొంబాయి నుంచి దిగింది, ఆమెకి ఇంకో పేరు పెట్టాడు. కుసుమ్ హోటలు గది ఖాళీ చేసి, ఒక వర్కింగ్ విమెన్స్ హాస్టల్లో చేరింది. కటౌటుకి వేసిన దండలు అప్పటికి ఎండిపోయాయి.

“ఎందుకు చెప్పావు? నేనెలాగూ వెళ్లిపోతున్నానుగా,” అని సుందరి కోప్పడింది.

“ప్రమాణం చేసి ఒకటి చెప్పాక, మైకులో ఇంకోటి ఎలా చెప్పను?”

ఫిల్మ్‌నగర్‌లో అలా అడిగినవాళ్లు ఆమెకి అంతవరకు తగల్లేదు.

విమానానికి నాలుగు రోజులుందనగా, కుసుమ్‌ని వెంటబెట్టుకుని డబ్బింగ్ థియేటర్‌కి వెళ్లింది. సౌండ్ ఇంజనీరు జేవియర్ పెదవి విరిచాడు.

“బొంబాయి పిల్లతో తెలుగు డబ్బింగేంటండీ? అక్షరం రాలితే మైకు పట్టేస్తుంది. రీలంతా వడగళ్లవానే.”

“కింద దుప్పటి పరవకండి. నేల ఉత్తదే ఉంచండి,” అంది సుందరి.

తెర మీద బసవపున్నయ్య కొత్త హీరోయిన్ పెదాలు ఆడిస్తోంది. కుసుమ్ మైకు ముందు నిలబడి, ఆ పెదాలకి మాటలు పెట్టింది. కొడుకుని కాళ్ల మీద పడుకోబెట్టుకున్న తల్లి పలికే డైలాగు అది, పేజీన్నర. జేవియర్ హెడ్‌ఫోన్లు చెవులకి నొక్కిపట్టుకుని వింటూ వింటూ, చివర్లో కాస్త ముందుకి వంగాడు. గచ్చు మీద చప్పుడే లేదు.

“రేపు తొమ్మిదింటికి వచ్చెయ్యమనండి,” అన్నాడు. “ఈ సినిమా మొత్తం ఆవిడే చెప్పాలి.”

“ఆవిడకే చెప్పండి. ఎదురుగానే ఉన్నారుగా,” అంది సుందరి.

థియేటర్ బయట ఎండ మండిపోతోంది. రోడ్డు దాటితే ఇడ్లీ బండి. సుందరి చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంటూ, “పొద్దున్నుంచి ఏమైనా తిన్నారా?” అని అడిగింది.

ఎవరినంటోందో అని కుసుమ్ వెనక్కి తిరిగి చూసింది.