క్లచ్ కేబుల్ నట్టు

పాతికేళ్లు బస్సు తోలిన మనిషి. కళ్లకు పొర కమ్మి లైసెన్సు పోయాక, కారులో పెళ్లాం పక్కన కూర్చోవాల్సివచ్చింది. నోటికి మాత్రం ఏ పొరా కమ్మలేదు. ఆవిడ గేరు మార్చినప్పుడల్లా కారు కరకరమనేది, ఆయన అందుకునేవాడు.

"గేరుబాక్సుని నమిలేస్తున్నావు! ఈ జన్మకి నీకు డ్రైవింగు రాదు."

నిజమే కాబోలనుకుని ఆవిడ సిగ్గుతో చచ్చిపోయేది. చివరికి ఒక్కతే కారుని షెడ్డుకు తీసుకెళ్లింది. మెకానిక్ క్లచ్ పెడల్ని చేత్తో నొక్కితే సగం దాకా ఊరికే దిగిపోయింది.

"మీ తప్పేం లేదక్కా. కేబుల్ వదులైంది. ఎంత తొక్కినా క్లచ్ పూర్తిగా విడవడం లేదు, అందుకే ఆ అరుపు." బానెట్ కింద తల దూర్చి నవ్వాడు. "ఇది దానంతటదే వదులవలేదు, ఎవరో నట్టు తిప్పారు. ఈ గీతలు చూడండి, స్పానర్ ఎన్నిసార్లు జారిందో! కళ్లు మూసుకుని చేసినట్టున్నాడు మహానుభావుడు."

ఆవిడకు నవ్వు రాలేదు. ఆ మధ్య ఆయన వేళ్ల కణుపులు చెక్కుకుపోతే, గోడకు గీసుకున్నాయన్న మాట నమ్మి, మందు రాసి కట్టు కట్టింది తనే.

మెకానిక్ నట్టు బిగించి పంపాడు. సాయంత్రం ఆవిడ ఆయన్ని ఎక్కించుకుంది. ఒకటో గేరు, రెండో గేరు చప్పుడు లేకుండా పడ్డాయి. చెవులు రిక్కించి కూర్చున్న ఆయన మొహం మాడిపోయింది.

"ఏం చేయించావు?"

"నట్టు బిగించారు." ఆవిడ మూడో గేరు వేసింది. "ఈసారి విప్పేటప్పుడు చేతులు చెక్కుకోకండి, నన్ను పిలవండి. టార్చి నేను పట్టుకుంటాను."